హుషారుగా పరిగెత్తాలి, ఇంటిల్లిపాదీ పట్టాలి: విశాఖలో సెకండ్ హ్యాండ్ కారు ఎంచుకునే పద్ధతి

మంచి పికప్ ఉన్న పాత కారు కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా బానెట్ ఎత్తిస్తారు. పిల్లలున్న ఇల్లయితే ముందు తెరవాల్సింది వెనక తలుపు. ఇంజన్ ఎంత ముద్దొచ్చినా సరే, చంటిబిడ్డ సీటు బిగించాక ముందు కూర్చున్న మనిషి మోకాళ్లు డాష్‌బోర్డుకు ఆనుతుంటే ఆ కారు ఆ ఇంట్లో ఎక్కువ కాలం నిలవదు. శక్తి ఇప్పుడు కరువైన సరుకేమీ కాదు. 150 పీఎస్ (ఇంజన్ శక్తి కొలత) టర్బో పెట్రోలు సెడాన్లు పాత కార్ల బజారులోకి వస్తూనే ఉన్నాయి. దొరకడం కష్టమైనవి మూడు: చాలినంత వెనక సీటు, వేడికి దెబ్బతినని గేరు బాక్సు, సర్వీసు ఎగ్గొట్టని పాత యజమాని. వెతుకులాట కూడా ఈ వరసలోనే సాగాలి.

వెనక సీటు నుంచి మొదలుపెట్టండి

కారు చూడటానికి వెళ్లేటప్పుడు పిల్లల సీటు, కొలత టేపు, మడతపెట్టిన ప్రామ్ (పిల్లల తోపుడు బండి) వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు వింతగా చూసినా ఫరవాలేదు. డ్రైవరు సీటును మీ ఎత్తుకు సరిచేసి, దాని వెనక మీరే కూర్చోండి. మోకాలికీ ముందు సీటు వీపుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. ఆ తర్వాత ఎడమ పక్క పిల్లల సీటు బిగించండి. మన రోడ్ల మీద ఫుట్‌పాత్ ఎడమవైపే కాబట్టి బిడ్డను ఎత్తుకుని ట్రాఫిక్‌లో నిలబడే పని ఉండదు. చంటిపిల్లల సీటు వెనక్కి తిరిగి ఉంటుంది, అందుకే అది ముందు సీటు చోటును తినేస్తుంది. దాన్ని బిగించాక ముందు సీట్లో ఇంట్లో పొడుగాటివాళ్లను కూర్చోబెట్టి చూడండి. చిన్న హాచ్‌బ్యాకులు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

సీటు వీపూ కూర్చునే మెత్తా కలిసే సందులో వేలు పెడితే రెండు ఇనుప కడ్డీలు తగలాలి. వాటి మధ్య దూరం 28 సెం.మీ. అవే ఐసోఫిక్స్ కొక్కేలు. మూడో కొక్కెం సీటు వీపు వెనకో, వెనక అద్దం కింద అర మీదో ఉంటుంది. పిల్లల సీటు పైపట్టీ దానికి తగిలించాలి. బయట లెదర్ కవర్లు కుట్టించిన కార్లలో ఈ కొక్కేలు కవరు కిందకి పోయి ఉంటాయి. విప్పించి చూడందే ఉన్నాయని నమ్మొద్దు. బిడ్డా సీటూ కలిపి 33 కిలోల వరకే ఐసోఫిక్స్ మోస్తుంది, ఆపైన బూస్టరు మీద కారు బెల్టే వాడాలి. ఐ-సైజ్ అనే పిల్లల సీట్ల భద్రతా ప్రమాణం ప్రకారం 15 నెలలు దాటే వరకు బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవాలి. ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న ముందు సీట్లో అలాంటి సీటు ఎప్పుడూ పెట్టకూడదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ప్రమాదమే కాదు, చట్టవిరుద్ధం కూడా. 2019 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గాని పిల్లల సీటు గాని లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

ముగ్గురు పిల్లలుంటే లెక్క మారుతుంది. ఐ-సైజ్ సీటు వెడల్పు 44 సెం.మీ. దాకా ఉండొచ్చు. మూడు పెడితే 132. ఆ వెడల్పు ఎలాగో సర్దినా బెల్టు బకిల్ పెట్టడానికి చెయ్యి దూరదు. మూడో బిడ్డ రాబోతున్నా, ఇద్దరు పిల్లలతోపాటు నానమ్మో అమ్మమ్మో రోజూ ఎక్కుతున్నా సెడాన్ మీద ఆశ వదులుకుని మూడు వరసల బండి చూడటం మంచిది.

పెద్దవాళ్లను కూడా ఒకసారి కూర్చోబెట్టి, లేపి చూడండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కిందకి ఉన్న సెడాన్‌లో దిగడం, అందులోంచి లేవడం రెండూ కష్టమే. నేల నుంచి సీటు ఎత్తు వాళ్ల మోకాలి ఎత్తుకు దగ్గరగా ఉంటే హాయి. విశాఖ ఉక్కపోతలో వెనక ఏసీ వెంట్లు లేని కారు కొనకండి. నల్ల లెదర్ సీట్లున్న కారు ఎండలో గంట నిలబడితే చంటిబిడ్డను వెంటనే కూర్చోబెట్టలేరు, అది కూడా లెక్కలో ఉంచుకోండి.

చూడదగ్గ కార్లు

స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ కార్లలో 1.5 టీఎస్‌ఐ (టర్బో పెట్రోలు) ఇంజన్ ఉన్నవి ఈ అవసరానికి అన్నిటికంటే బాగా నప్పుతాయి. 150 పీఎస్, 250 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం), 521 లీటర్ల డిక్కీ, 179 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్దించి భద్రత తేల్చే సంస్థ) పరీక్షలో పెద్దల భద్రతకూ పిల్లల భద్రతకూ ఐదేసి నక్షత్రాలు తెచ్చుకున్నాయి. మాన్యువల్ దొరికితే మరో మాట లేకుండా దానికే మొగ్గు చూపండి, కారణం గేరు బాక్సు దగ్గర చెబుతాం. 1.0 టీఎస్‌ఐ కూడా చక్కటి ఇంజనే గానీ నిండా మనుషులూ సామానూ వేసుకుని అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో రాలేదు, ఆ ఒక్కటి అడిగి తెలుసుకోవాలి.

2023లో వచ్చిన హ్యుందాయ్ వెర్నా 1.5 టర్బో 160 పీఎస్, 528 లీటర్ల డిక్కీ. నేరుగా సాగే రోడ్డు మీద గట్టి పరుగు. మలుపుల్లో స్టీరింగ్ చేతికిచ్చే నమ్మకం మాత్రం స్లావియా, వర్టస్ జంట దగ్గరే ఎక్కువ.

బడ్జెట్ తక్కువై, సోకు ఎక్కువైతే 2013 నుంచి 2020 వరకు అమ్మిన స్కోడా ఆక్టేవియా ఉంది. 1.8 టీఎస్‌ఐ 180 పీఎస్ ఇస్తుంది. డిక్కీ 590 లీటర్లు, పైగా వెనక అద్దంతో సహా మొత్తం పైకి లేస్తుంది, కాబట్టి పిల్లల సైకిలు మడవకుండానే పడుతుంది. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లి అరిసెల డబ్బాలు, బియ్యం బస్తా వేసుకుని వచ్చే ఇంటికి ఇంతకంటే మంచి డిక్కీ సెడాన్లలో అరుదు. ఇదే కారులో 1.4 టీఎస్‌ఐ మాన్యువల్ కూడా వచ్చింది. దాన్ని ఎక్కువమంది వెతకరు గానీ నమ్మకం కోరుకునేవాళ్లకు అదే అసలైన ఎంపిక. 2017లో వచ్చిన వీఆర్‌ఎస్ (ఆక్టేవియాలోనే స్పోర్ట్స్ రకం) 230 పీఎస్ బండి, గేరు బాక్సు కూడా వేరే రకం. మంచి స్థితిలో దొరికితే ఇంటికీ మనసుకీ రెండిటికీ సరిపోతుంది. అయితే టైర్లు, బ్రేకుల ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

ముగ్గురు పిల్లలకైతే మహీంద్రా ఎక్స్‌యూవీ 700 పెట్రోలు. 200 పీఎస్, మూడు వరసలు. మలుపుల్లో సెడాన్‌లా ఒదగదు, మూడో వరస ఎత్తితే సామానుకు చోటు పెద్దగా మిగలదు. పికప్‌కు మాత్రం కొదవలేదు.

పోలో జీటీ టీఎస్‌ఐ, ఐ20 ఎన్ లైన్, బలేనో ఆర్‌ఎస్ సరదా కార్లే. ఒక్క బిడ్డ వరకు సర్దుకోవచ్చు, రెండో పిల్లల సీటు వచ్చిందంటే ఇరుకు. పోలో డిక్కీ 280 లీటర్లే, ప్రామ్ పెడితే నిండిపోతుంది. మూడు తలుపుల పోలో జీటీఐ గురించి పిల్లలున్నవాళ్లు ఆలోచించనే వద్దు. బీఎండబ్ల్యూ 320డి చవగ్గా దొరికిందని తొందరపడేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే) టైర్లతో వచ్చినవాటికి అదే సైజు స్టెప్నీ ఉండదు. 2015కు ముందు వచ్చిన వాటి డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చైన్ వెనక, గేరు బాక్సు వైపు ఉంటుంది. అది సాగిందంటే ఇంజన్ దించాల్సిన పని.

గేరు బాక్సు, డబ్బు కరిగిపోయే చోటు

టర్బో ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరు బాక్సు) అంటే ఎక్కువగా డీక్యూ200 అనే రకం. ఇందులో రెండు పొడి క్లచ్‌లు ఉంటాయి. వాటిని చల్లబరిచే నూనె లేదు, గాలే దిక్కు. కారు కదిలీ కదలకుండా ముందుకు పాకేటప్పుడు మొదటి గేరు క్లచ్ సగం పట్టి, సగం జారుతూ ఉంటుంది. రోజూ సాయంత్రం గాజువాక నుంచి ఎన్‌ఏడీ దాకా అలా పాకిన కారు క్లచ్ వేడెక్కి గాజులా నున్నబడుతుంది, ఆపైన వణుకు మొదలవుతుంది. అందుకే 40 వేల కిలోమీటర్లు సిటీలోనే తిరిగిన కారు కంటే 80 వేలు హైవే మీద తిరిగిన కారు గేరు బాక్సే మెరుగ్గా ఉండొచ్చు. మీటరు రీడింగు ఒక్కటీ చూసి తీర్పు చెప్పకండి.

పరీక్ష ఇలా చేయాలి. ఒక క్లచ్ 1, 3, 5, 7 గేర్లను నడిపితే రెండోది 2, 4, 6 గేర్లనూ రివర్సునూ నడుపుతుంది. కారు పూర్తిగా వేడెక్కాక, అంటే కనీసం అరగంట ట్రాఫిక్‌లో తిప్పాక, ఎత్తుగా ఉన్న చోట ఆపండి. బ్రేకు మెల్లగా వదిలి, యాక్సిలరేటరు తొక్కకుండా ముందుకు పాకనివ్వండి. సన్నని వణుకు వస్తే మొదటి క్లచ్ అరిగింది. అదే వాలు మీద వెనక్కి ఎక్కించండి. అప్పుడు వణికితే రెండోది. తర్వాత మాన్యువల్ మోడ్‌లో నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా తొక్కండి. స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం మాత్రం ఎగిరితే క్లచ్ జారుతోంది. మాన్యువల్ కారుకు కూడా ఇదే పరీక్ష.

ఈ గేరు బాక్సులో రెండో బలహీనత మెకట్రానిక్, గేర్లు మార్చే హైడ్రాలిక్, ఎలక్ట్రానిక్ పెట్టె. లోపల ఆయిల్ ప్రెషరు నిలిపే భాగం పగిలితే కారు నడిరోడ్డు మీద గేరు వదిలేస్తుంది, డయల్‌లో గేరు గుర్తు మిణుకుమంటుంది. మార్చాలంటే లక్ష దాటుతుంది. దీనికి ముందస్తు గుర్తు బండి నడిపితే తెలియకపోవచ్చు. స్కానరు పెట్టి గేరు బాక్సు మాడ్యూల్‌లో పాత ఎర్రర్లు చదివించాలి. ఇప్పటికే మార్చిన కారయితే భయపడక్కర్లేదు, బిల్లు ఉంటే అది ఒక ప్లస్ పాయింటే.

డీక్యూ200 తట్టుకునే టార్క్ 250 ఎన్‌ఎం. ఆక్టేవియా 1.8ను కంపెనీ సరిగ్గా 250 దగ్గర ఆపింది అందుకే. ఇప్పుడు ఆ కారుకు ఎవరైనా రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి శక్తి పెంచడం) చేయించి 300 దాటించారంటే ఆ భారమంతా పొడి క్లచ్‌ల మీదే పడింది. రీమ్యాప్ చేసిన 1.8 ఆటోమేటిక్ ఎంత చవగ్గా వచ్చినా కుటుంబానికి వద్దు. అమ్మేముందు స్టాక్ మ్యాప్ (కంపెనీ సెట్టింగు) తిరిగి వేయించేస్తారు కాబట్టి ఆనవాళ్లు వెతకాలి: బయటి ఎయిర్ ఫిల్టరు గొట్టం, కొత్తగా మెరిసే నట్లు, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) ఉండాల్సిన చోట సాదా పైపు, సైలెన్సర్ దగ్గర ఘాటైన పెట్రోలు వాసన. కంపెనీ సర్వీసు సెంటరులో వీఐఎన్ (ఛాసిస్ నంబరు) ఇచ్చి వారంటీ రద్దు గుర్తు ఏదైనా ఉందేమో అడిగితే చాలావరకు తేలిపోతుంది. ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండి మార్పులు చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా చట్టంలో ఉన్నాయి. కొన్నాక అది మీ మెడకే చుట్టుకుంటుంది.

వీఆర్‌ఎస్ 230లో ఉన్న ఆరు గేర్ల డీఎస్‌జీ వేరు. దాని క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి, వేడిని తట్టుకుంటాయి. అయితే ప్రతి 60 వేల కిలోమీటర్లకు ఆ నూనె సుమారు 5 లీటర్లు, ఫిల్టరు మార్చి తీరాలి. మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలోంచి తగ్గించండి.

ఇంజన్

తెల్లవారుజామున, చల్లగా ఉన్న ఇంజన్ మీ కళ్లముందే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే మరో రోజు రండి. పోలో, వెంటోల్లోని పాత 1.2 టీఎస్‌ఐకి టైమింగ్ చైన్ సాగే జబ్బుంది. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు గలగల మంటే అదే. 1.0, 1.5 టీఎస్‌ఐలలోనూ, ఆక్టేవియా 1.4లోనూ చైన్ కాదు బెల్టు. 2013కు ముందు లారా, సూపర్బ్ 1.8 ఇంజన్లు ఆయిల్ తాగుతాయి, వాటిని దాటేయండి. ఆక్టేవియా 1.8లో వాటర్ పంపు, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ డబ్బా దగ్గర కూలెంట్ కారుతుంది. ఎండిపోయిన గులాబీ రంగు మరకలు టార్చి వేస్తే కనపడతాయి.

పొగ చూడండి. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేజ్ చేసినప్పుడు నీలం పొగ వస్తే టర్బో సీలో, వాల్వ్ సీళ్లో పోయాయి. వేడెక్కాక కూడా తియ్యని వాసనతో తెల్ల పొగ వస్తే కూలెంట్ లోపల కాలుతోంది, అక్కడితో మాటలు ముగించండి. ఈ ఇంజన్లలో చాలావాటిలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వులను కడిగేది ఏదీ ఉండదు. 70, 80 వేల కిలోమీటర్లకు వాటి మీద మసి గడ్డకడుతుంది, ఐడిల్ కుదుపు, పికప్ మందగించడం కనపడతాయి. అది శుభ్రం చేయించుకోగల పనే, దానికి కారు వదులుకోనక్కర్లేదు. పెట్రోలు బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. 2023 ఏప్రిల్‌కు ముందరి కార్లలో ఇంధన గొట్టాలు గట్టిపడ్డాయా, కీళ్ల దగ్గర చెమ్మ ఉందా అని ఒకసారి చూడటం మేలు.

సముద్రపు గాలి, మునిగిన కార్లు

విశాఖలో కారు ఎక్కడ పార్క్ అయ్యేదన్నది మీటరు రీడింగు అంత ముఖ్యం. లాసన్స్ బే, పెద వాల్తేరు, రుషికొండ, భీమిలి తీరాల్లో ఆరుబయట నాలుగేళ్లు నిలబడిన కారునూ సీతమ్మధార సెల్లార్‌లో ఉన్న కారునూ పక్కపక్కన పెట్టి అడుగుభాగం చూస్తే రెండూ ఒకే ఏడాదివంటే నమ్మలేరు. గాలిలోని ఉప్పు తడిలో కరిగి ఇనుము మీద కూర్చుంటుంది. బ్రేకు డిస్కుల మీద పైపైన ఎర్రగా ఉండటం మామూలే, రెండు బ్రేకులకే పోతుంది. భయపడాల్సింది కింద: ఇంజన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ అతుకులు, బ్రేకు పైపులు, సైలెన్సర్ కొక్కేలు, సస్పెన్షన్ బోల్టులు. లిఫ్ట్ ఎక్కించి స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. పొర ఊడివస్తే తుప్పు లోతుకు పోయింది. కారు మొహం దగ్గర ఉన్న ఏసీ కండెన్సర్ రెక్కలు కూడా ఉప్పుకు పొడిపొడిగా రాలిపోతాయి, బంపరు జాలీలోంచి టార్చితో కనపడుతుంది. బ్యాటరీ ఎర్త్ కేబులు, ఇంజన్ వైరింగ్ కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టి ఉంటే ముందు ముందు అంతుచిక్కని వార్నింగ్ లైట్లు చాలానే వస్తాయి. కొత్తగా నల్ల అండర్‌కోటింగ్ పూసి ఉంటే మెచ్చుకోకండి, ఏం కప్పారో అడగండి.

పాత కారయితే 2014 అక్టోబరు 12 గుర్తుంచుకోవాలి. హుద్‌హుద్ తుపాను రోజున చెట్లు, గోడలు కూలింది కార్ల పైకప్పుల మీదే. పెయింటు మందం చూసే గేజితో పైకప్పు, ముందు అద్దం పక్క స్తంభాలు కొలవండి. కంపెనీ పెయింటు ఎక్కువగా 80 నుంచి 160 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 250 దాటితే మళ్లీ వేసినది, వెయ్యి దాటితే కింద పుట్టీ ఉంది. బంపరు, డోరు రీపెయింట్ అయితే తప్పు లేదు, సిటీలో గీతలు సహజం. పైకప్పు మీద, స్తంభాల మీద పుట్టీ ఉంటే పిల్లలను ఎక్కించే కారు కాదది. అద్దాల మూలల్లో తయారీ ఏడాది గుర్తులుంటాయి, ఒక్కటే తేడాగా ఉంటే ఎందుకు మార్చారో తెలుసుకోండి.

వరదలో మునిగిన కార్ల బెడద ఇంకా పెద్దది. 2015, 2023 డిసెంబరుల్లో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ మునిగాయి. 2019లో ఏపీ 39తో మొదలుపెట్టి రాష్ట్రమంతటికీ ఒకే సిరీసు కాబట్టి, విశాఖ బళ్లకు ఏపీ 31 ఉన్న కాలంలోలా నంబరు చూసి ఏ ఊరి బండో చెప్పలేరు. ఆర్‌సీలో చిరునామా చూడండి, సర్వీసు బిల్లుల్లో ఊరి పేరు చూడండి. తర్వాత ముందు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. మడుగు మరక, సన్న ఇసుక అక్కడ దాక్కుంటాయి. సీటు పట్టాల బోల్టుల తుప్పు, కార్పెట్ అడుగు స్పాంజిలో చెమ్మ, స్టెప్నీ గుంటలో బురద చూడండి. ఖరీదైన సెంటు ఘాటుగా కొడితే ముందు అనుమానించాల్సింది ముక్కిపోయిన కార్పెట్‌నే.

నడిపి చూసే దారి

పది నిమిషాలు చుట్టి రావడం పరీక్ష కాదు. రెండు గంటలు అడగండి. మద్దిలపాలెం, హనుమంతవాక ట్రాఫిక్‌లో మొదలుపెట్టి గేరు బాక్సును వేడెక్కించండి. అక్కడి నుంచి కైలాసగిరి ఎక్కండి, పైన చెప్పిన వాలు పరీక్షలు అక్కడే. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగ్ అదిరితే డిస్కులు వంకర. తర్వాత ఆనందపురం వెళ్లి అనకాపల్లి వైపు ఆరు లేన్ల రోడ్డెక్కండి. వంద స్పీడు దగ్గర స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే కారు తిన్నగా పోవాలి, వెనక సీట్లోంచి ఊళ వేసినట్టు శబ్దం వస్తే వీల్ బేరింగు. చివరగా ఏదైనా గతుకుల వీధిలో మెల్లగా, అద్దాలు దించి, పాటలు ఆపి నడపండి. టకటక మనే శబ్దం లోయర్ ఆర్మ్ బుష్‌లది, దబ్‌దబ్ మంటే షాకబ్జార్బర్ మౌంట్లు. ఇవి మార్చుకోగలిగినవే, బేరానికి పనికొస్తాయి. ఇంటివాళ్లను వెనక కూర్చోబెట్టుకునే ఈ తిరుగుడంతా తిరగండి. సస్పెన్షన్ గట్టిదనం ముందు సీట్లో సరదా, వెనక సీట్లో నిద్రపోయే బిడ్డకు కాదు.

టైరు పక్క గోడ మీద నాలుగంకెలు తయారీ తేదీ. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గాడి ఎంత మిగిలినా మార్చాల్సిందే. పాత యజమాని 18 అంగుళాల చక్రాలు వేయించి ఉంటే 225/40 టైరు పక్క గోడ ఎత్తు 90 మి.మీ. మాత్రమే. అదే 205/55 ఆర్16 అయితే 113. మొత్తం చుట్టు వ్యాసంలో తేడా ఒక శాతం లోపే. గోతుల్లో రిమ్ము వంగకుండా కాపాడేది ఆ 23 మిల్లీమీటర్లే, పిల్లల నిద్ర కూడా. బ్రేకు కాలిపర్‌కు తగలకపోతే చిన్న చక్రాలకు మారండి.

స్కానరు పెట్టేటప్పుడు ఎర్రర్లు లేవని తృప్తిపడొద్దు. రెడినెస్ మానిటర్లు (కారు తన భాగాలను తానే పరీక్షించుకున్న రికార్డు) చూడండి. అవి పూర్తి కాలేదని చూపిస్తే మీరు వచ్చే ముందే ఎవరో ఎర్రర్లు తుడిచేశారు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో ఒకటికి మించిన మాడ్యూళ్లలో కిలోమీటర్లు నమోదవుతాయి, మీటరుతో పోల్చి చూడమనండి. ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని పీకేసి ఉంటారు.

కాగితాలు

ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు కారు మీది దానితో సరిచూడండి. లోను ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35. బదిలీకి ఫారం 29, 30. ఇతర రాష్ట్రం బండయితే ఫారం 28 ఎన్‌ఓసీతోపాటు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. హైదరాబాద్‌లోనో భువనేశ్వర్‌లోనో చవగ్గా కనిపించిన కారు ఆ పన్నుతో కలిపితే తరచూ చవక కాదు. చలానాలు ముందే కట్టించండి. బీమాను 14 రోజుల్లో మీ పేరుకు మార్చుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ప్రీమియం పెరుగుతుంది. కొనుగోలు ధరలో కనీసం 15 శాతం పక్కన పెట్టనిదే టర్బో కారు జోలికి పోవద్దు.

కొన్న మొదటి వారం

ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, ఏసీ క్యాబిన్ ఫిల్టరు బిల్లులు ఏం చెప్పినా మార్చేయండి. ఆ తర్వాత కంపెనీ 15 వేల కిలోమీటర్లకని చెప్పినా, మన వేడిలో టర్బోకు 10 వేలకోసారి ఆయిల్ మార్చడం మంచిది. బ్రేకు ఆయిలు డాట్ 4 ఒక లీటరు చాలు, రెండేళ్లకోసారి. సముద్రపు చెమ్మను అది పీల్చుకుని ఘాట్ దిగుతున్నప్పుడు మరుగుతుంది, పెడలు మెత్తబడుతుంది. చక్రాలు విప్పి బిగించినచోట టార్క్ రెంచి వాడమనండి, ఐదు బోల్టుల ఆక్టేవియాకు 120 ఎన్‌ఎం. తీరం దగ్గర ఇల్లయితే పదిహేను రోజులకోసారి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి.

మొదటి దూరప్రయాణం శృంగవరపుకోట మీదుగా అరకు అనుకుందాం. పైకి చేరాక ఇంజన్ వెంటనే ఆపకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి, టర్బోలో నూనె తిరిగి చల్లబడుతుంది. మర్నాడు ఉదయం చల్లటి ఇంజన్ మీద కూలెంట్ మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడండి. కిందికి దిగి ఉంటే తిరుగు ప్రయాణానికి ముందే లీకు వెతికించాలి. వెనక తలుపు తీసి పిల్లల సీటును బెల్టు దూరే చోట పట్టుకుని అటూ ఇటూ లాగండి. రెండున్నర సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదిలితే విప్పి, మోకాలితో అదిమి పట్టి మళ్లీ బిగించండి.